చక్ర నిమజ్జన పద్యానికి టీకా తాత్పర్యం

వెనుక టైరు తొలుత పెనుసంద్రమున ముంచి
గాలి వెంట కొండ గడచి సాగి
ముందు టైరు కడను మున్నీట ముంచిన
నాడె యాత్ర ముగిసెనంద్రు బుధులు

అవతారిక: ఉత్తర ఇంగ్లండును పడమటి తీరం నుంచి తూర్పు తీరానికి దాటించే ‘సీ టు సీ’ సైకిలు దారి సుమారు 225 కిలోమీటర్లు. కంబ్రియాలోని వైట్‌హేవెన్ రేవులో, ఐరిష్ సముద్రం ఒడ్డున బయల్దేరి, నార్త్ సీ ఒడ్డున టైన్‌మౌత్‌కో సండర్లాండ్‌కో చేరవచ్చు. ఆ దారిన పోయేవారి ఆచారాన్ని పేరు చెప్పుకోని కవి ఒకడు ఆటవెలదిలో బిగించాడు. పద్యం చిన్నది, పేచీలు పెద్దవి.

ప్రతిపదార్థం: వెనుక టైరు = గొలుసు తిప్పే చక్రానిది; తొలుత = ఒక్క పెడలైనా తొక్కకముందే; పెనుసంద్రమున = ఐరిష్ సముద్రంలో; ముంచి = తడిపి; గాలి వెంట = గాలి వీపున తోస్తుండగా; కొండ = పెన్నైన్ శ్రేణిని; గడచి = తొక్కి, తొక్కలేనిచోట దిగి నెట్టి; సాగి = ముందుకు పోయి; ముందు టైరు = హ్యాండిలు మాట వినే చక్రానిది; కడను = చివర; మున్నీట = నార్త్ సీలో; ముంచిన నాడె = తడిపిన రోజునే; యాత్ర ముగిసెన్ = యాత్ర పూర్తయింది అని; బుధులు = ముందే తొక్కి వచ్చినవారు; అంద్రు = అంటారు.

తాత్పర్యం: రెండు సముద్రాల్లో చెరొక టైరు తడిస్తే తప్ప యాత్ర లెక్కలోకి రాదు.

విశేషాలు: వెనుక టైరే ముందెందుకు? బయల్దేరేవాడి ముఖం తూర్పుకు, వీపు సముద్రానికి ఉంటాయి గనుక నీళ్లకు దగ్గరగా ఉండేది అదే. ఆవలి ఒడ్డుకు ముందు చేరేది ముందు చక్రం. అమెరికాలో పసిఫిక్ నుంచి అట్లాంటిక్ దాకా తొక్కేవారిలోనూ ఈ ఆచారం ఉంది.

‘ముంచి’ అన్నాడు కదా అని సైకిలును వినాయకుడిలా నిమజ్జనం చేయరాదు. ఇరుసు బేరింగుల్లోకి ఉప్పునీరు పోతే తుప్పు పడుతుంది. టైరు అంచు తడిస్తే చాలు.

‘గాలి వెంట’ అనడం అలంకారం కోసం కాదు. బ్రిటన్‌లో గాలి ఎక్కువగా పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది. అందుకే చాలామంది పడమర నుంచి తూర్పుకు తొక్కుతారు.

ఆక్షేపణ: ‘కొండ’ అని ఏకవచనమేమిటి? విన్‌లాటర్ కనుమ ఉంది, 580 మీటర్ల హార్ట్‌సైడ్ ఉంది, 609 మీటర్ల బ్లాక్ హిల్ ఉంది. సమాధానం: ‘కొండలు’ అంటే గణం చెడుతుంది, ఛందస్సుకు పిక్కల నొప్పి తెలియదు. హార్ట్‌సైడ్ మీద ఎక్కినవారికి టీ పోసిన కేఫ్ 2018 మార్చిలో కాలిపోయింది కనుక, దాని ఊసెత్తనందుకు ఇప్పుడు కవిని తప్పుపట్టలేం.

‘సాగి’ అన్న మాట కాన్సెట్ ఊరు దాటాక సార్థకమవుతుంది. అక్కడి ఉక్కు కర్మాగారం 1980లో మూతపడింది, రైళ్లూ ఆగిపోయాయి. సండర్లాండ్ దారి పట్టాలు తీసేసిన పాత రైలు కట్టల మీదుగా పోతుంది. రైళ్ల కోసం వేసిన వాలు గనుక కాళ్లకు శ్రమ తక్కువ. దారి పక్కన శిల్పి టోనీ క్రాగ్ నిలబెట్టిన భారీ స్టీలు థియోడొలైట్, లెవెల్ కనిపిస్తాయి. సర్వేయర్ల పనిముట్లే, కాకపోతే వాటికి జంతువుల పాదాలున్నాయి.

ఇక అసలు పేచీ. టైన్‌మౌత్ పక్షంవారు నార్త్ షీల్డ్స్ చేపల రేవు మీదుగా వస్తారు. వేయించిన చేపల వాసనకు అక్కడే ఆగి, టైన్ నదిలో టైరు తడిపి సరిపెట్టుకుంటే చెల్లుతుందా? చెల్లదు. ‘మున్నీట’ అన్నాడు కవి. నది ఎంత వెడల్పయినా మున్నీరు కాదు. యాత్రకు గుర్తుగా దారిలో కార్డు మీద వేయించుకున్న స్టాంపులు ఏయే ఊళ్లు దాటారో చెబుతాయి. రెండు ముగింపులున్న దారికి తీర్పు చెప్పేది మాత్రం ఉప్పునీరే.

ఫలశ్రుతి: ఈ పద్యం ప్రకారం ముగించినవారు టైరునూ రిమ్మునూ మంచినీళ్లతో కడిగి, గొలుసుకు నూనె వేయాలి. తిరుగు ప్రయాణానికి న్యూకాజిల్ నుంచి దూరప్రాంత రైలెక్కేవారు తమతో పాటు సైకిలుకూ ముందే రిజర్వేషన్ చేయించుకోవాలి.