సాగరంలో సంసారం

తెరచాప పడవలో మహాసముద్రం దాటడమనగానే తుపానులు, తిమింగలాలు, వీరులు ఊహకు రావడం సహజమే గాని, అటువంటి యానంలో అధిక భాగం వంట, నిద్ర, నీళ్లు అనే గృహకృత్యాలకే చెల్లిపోతుందని, ఆ విద్యలో తీరవాసుల కంటే హైదరాబాదు శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట కాలనీవాసులకే అర్హత ఎక్కువని ప్రతిపాదించవచ్చు. సముద్రం వీరికి రోడ్డు మార్గాన 300 కిలోమీటర్లకు పైగా దూరమే; ఆదివారం నాడు శామీర్‌పేట చెరువుగట్టున చేరే జనం నౌకాయానం అభ్యసించడానికి వస్తున్నారనడానికీ ఆధారాలు లేవు, బిర్యానీ పొట్లాలు తప్ప.

అయితే నిదర్శనం లేకపోలేదు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, భూగోళాన్ని చుట్టి, 2018 మే 21న అక్కడికే చేరిన భారత నౌకాదళపు తెరచాప పడవ ‘తారిణి’లోని ఆరుగురు మహిళా అధికారులలో పి. స్వాతి విశాఖపట్నం వారు కాగా, బి. ఐశ్వర్య సముద్రమే లేని హైదరాబాదు వారు. ఆ 55 అడుగుల పడవ 254 రోజులలో సుమారు 21,600 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 40,000 కిలోమీటర్లు తిరిగింది. చుక్కాని నడిపే యంత్రాంగంలో లోపం తలెత్తి, పథకంలో లేని మారిషస్‌లోనూ ఆగింది.

ఇటువంటి పడవ గాలి ఒత్తిడికి ఒక పక్కకు ఒరిగి, రోజుల తరబడి ఆ వాలుతోనే సాగుతుంది కనుక, వంటగదిలోని పొయ్యిని గింబల్ అనే ఇరుసుల మీద వేలాడదీస్తారు. పడవ ఎటు ఒరిగినా పొయ్యి మట్టంగా నిలుస్తుంది, వండేవారు మాత్రం నిలవరు. ఒక చేయి పడవకు, ఒక చేయి తనకు అన్నది నావికుల పాత నియమం. దాని ప్రకారం పప్పుచారుకు తిరగమోత పెట్టడానికి మూడో చేయి కావాలి. మూత బిగిసి, బోల్తాపడినా ఒలకని ప్రెషర్ కుక్కర్‌ను సముద్రయాత్రికులు మెచ్చుకోవడంలో ఆశ్చర్యం లేదు. నిద్ర వంతులవారీది, ఒకరు కాపలా ముగించి పడుకునే వేళకు మరొకరిని లేపుతారు, పక్క మీదనుంచి దొర్లిపడకుండా అంచున గుడ్డ కడతారు.

నీళ్ల విషయంలోనే మేడ్చల్ పాండిత్యం పూర్తిగా అక్కరకు వస్తుంది. ఉప్పునీటిని వడగట్టే ఆర్‌వో యంత్రం ఉన్న పడవలోనూ అది మొరాయిస్తుందన్న భయంతో మంచినీటిని కొలిచి వాడుకుంటారు. గిన్నెలు సముద్రపు నీటితో తోమి, చివర ఒక్క గ్లాసు మంచినీటితో తొలుస్తారు. ఎండాకాలంలో బోరు ఎండి, ట్యాంకరు కోసం గేటు వైపు చూస్తూ బకెట్లు లెక్కపెట్టే ఇల్లాలికి ఇందులో నేర్పవలసినది ఏమీ లేదు. వాన పడితే తెరచాపనే తొట్టిగా మలచి, ఉప్పు కడిగిన మొదటి నీటిని వదిలేసి, తరువాతిది పట్టుకుంటారు, స్నానాలూ అప్పుడే. ఒళ్లంతా సబ్బు పూసుకున్నాక మేఘం దాటిపోవడం అక్కడ సర్వసాధారణం గాని, వాచ్‌మన్‌ను కేకేసి మోటారు వేయించుకునే సదుపాయం మాత్రం లేదు.