పైలట్ మొగుళ్లు

ఉదయగిరి కోటను పట్టడానికి శ్రీకృష్ణదేవరాయలకు ఏడాదిన్నర పట్టింది. 1513లో ముట్టడి మొదలైతే 1514లో గానీ కోట లొంగలేదు. అదే ఉదయగిరి తాలూకు వరికుంటపాడు వైపు గానీ, ఇటు ఆత్మకూరు వైపు గానీ, ఆ మాటకొస్తే రాష్ట్రంలో ఎటుపోయినా, మహిళా సర్పంచి కుర్చీని పట్టడానికి ఆమె భర్తకు ఒక్క పూట చాలు. ఏనుగులు అక్కర్లేదు, ఫిరంగులు అక్కర్లేదు. ప్రమాణస్వీకారం నాడు దండలు వేసేవాళ్ల ముందు ఆమెకంటే అరడుగు ముందుకు నిలబడితే కోట వశమైనట్టే. సొంతంగా ఊరిని నడుపుకొనే ఆడ సర్పంచులూ ఉన్నారు, వాళ్లకో దండం. మిగతాచోట ఫ్లెక్సీ మీద ఆయన బొమ్మ నిలువెత్తు, ఆమె బొమ్మ తపాలా బిళ్లంత. ‘సర్పంచిగారొచ్చారు’ అంటే బండి దిగేది ఆయన. బిల్లులు పెట్టే డిజిటల్ కీ ఆమె పేరున ఉంటుంది, ఆయన చొక్కా జేబులో ఉంటుంది.

‘ఆయన సలహా ఇస్తున్నాడంతే’ అంటారు. సలహాకు, పెత్తనానికి తేడా ఏమిటో మన జిల్లాలోని కృష్ణపట్నం రేవును చూస్తే తెలుస్తుంది. ఓడను లోపలికి తేవడానికి అక్కడి నీళ్ల లోతుపాతులు తెలిసిన పైలట్ ఎక్కుతాడు. చుక్కాని ఎటు తిప్పాలో ఆయనే చెబుతాడు. అలాగని కెప్టెన్ వంటగదిలోకి పోయి పొయ్యి ఊదుతూ కూర్చోడు. పైలట్ మాట తేడాగా ఉంటే కాదనే హక్కు, ఓడ ఇసుకలో కూరుకుంటే జవాబు చెప్పుకోవాల్సిన బాధ్యత రెండూ కెప్టెన్‌వే. దీనికి పేరున్న మినహాయింపు పనామా కాలువ. అక్కడ ఓడ నడక పైలట్ చేతిలోకి పోతుంది. అందుకే ఆయన తప్పుకు కాలువ సంస్థ జవాబుదారీ అవుతుంది. మన పంచాయతీ పైలట్ తెలివైనవాడు. చుక్కాని పనామా పద్ధతిలో పట్టుకున్నాడు, బాధ్యతను కృష్ణపట్నం పద్ధతిలో ఆమెకు వదిలాడు. నిధులు పక్కదారి పడితే 1994 పంచాయతీరాజ్ చట్టం కింద కలెక్టర్ నోటీసు ఆమె పేరిటే వస్తుంది, పదవి ఊడితే ఆమెదే ఊడుతుంది. ఊడటానికి ఆయనకు పదవంటూ ఉంటే గదా!

‘పాపం, ఆమెకు లోకం తెలియదు, తోడుంటే తప్పా?’ అనేది రెండో మాట. తోడు తప్పు కాదు. కానీ మగ సర్పంచికి భార్య తోడుగా వచ్చి, ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టి, గ్రామసభ నడిపిన ఊరొక్కటి చూపించండి. ఇక లోకం తెలియదన్నదానికి జవాబు ఈ ఉదయగిరి నియోజకవర్గంలోనే ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో అక్షరదీపం బడికి పోయిన ఆడవాళ్లు చదువుకున్న పాఠాన్ని పలకమీదే వదిలిపెట్టలేదు; ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. 1992లో ఆ నిప్పు జిల్లా అంతా అంటుకుని సారా వేలంపాటలకు అడ్డుపడింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించక సర్కారుకు తప్పలేదు. ఖజానానే కుదిపిన ఆడవాళ్ల గడ్డమీద, బోరు మోటారు బిల్లు చదవడానికి మగతోడు కావాలట!

‘ఊళ్లో మగాళ్లు ఆడదాని మాట వినరు’ అనేది ఆఖరి అస్త్రం. సైన్యంలో మహిళలకు కమాండ్ ఇవ్వకూడదని కేంద్రం సుప్రీంకోర్టులో వాదించింది అచ్చం ఇదే: జవాన్లలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవాళ్లు, ఆడ అధికారి ఆజ్ఞకు తలొగ్గే మనసు వాళ్లకింకా కుదరలేదని. 2020 ఫిబ్రవరి 17న కోర్టు ఆ వాదనను కొట్టేసింది. జబ్బు మగవాడి మనసుదైతే మందు ఆమె కుర్చీకి పూయడమేమిటి? ఈ చాటు పెత్తనం మీద కేంద్రం 2023లో వేసిన కమిటీ గట్టి శిక్షలుండాలని సిఫారసు చేసింది. మంచిదే. అయితే ఈ కోటను ఆయన ఒక్కడే పట్టలేదు. సమీక్షలో ఆయనకు కుర్చీ వేసిన అధికారి ఒక తలుపు తీశాడు, అర్జీ ఆయన చేతికిచ్చిన మనం రెండో తలుపు తీశాం. చట్టంలో ‘సర్పంచి భర్త’ అనే పదవి లేదు. ఈసారి పంచాయతీ ఆఫీసుకు పోతే అర్జీ ఆమె చేతికే ఇవ్వండి. ఆమె లేకపోతే, వచ్చేదాకా కూర్చోండి.