ప్రత్యేకాధికారి స్తోత్రం

అయ్యా, ప్రత్యేకాధికారి గారూ, నమోనమః! మేయర్లనూ మున్సిపల్ ఛైర్మన్లనూ పొగిడేవాళ్లు వీధికి పదిమంది. పుట్టినరోజుకు ఫ్లెక్సీలు, గెలిచిన రోజున గజమాలలు. పాలకమండలి గడువు తీరిన మర్నాడే ఒక్క జీవోతో, చడీచప్పుడు లేకుండా వచ్చి కూర్చునే మిమ్మల్ని మాత్రం నోరారా పొగిడిన పాపాన ఎవరూ పోలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా మీ అవతార విశేషం. కార్పొరేటర్ కావాలంటే గడపగడపా తిరగాలి, ముసలమ్మలకు దండాలు పెట్టాలి, పొంగిన మురుగు దాటుకుంటూ సందుసందునా నడవాలి. మీకా శ్రమ లేదు. మా గడపలు ఎటున్నాయో తెలియకముందే ఊరు మీ చేతికొస్తుంది. పోలింగ్ ఖర్చు మిగులుతుంది, మా వేలికి సిరా మచ్చా అంటదు.

ఇక మీ ఆయుష్షు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, ఎన్నికైన మండలికి అయిదేళ్లే గడువన్నది. అవి తీరేలోగా మళ్లీ ఎన్నికలు ముగించాలన్నది. పాపం, గెలిచినవాళ్ల గడువు అంత గట్టిగా రాసినవారికి మీ ఊసే తట్టలేదు. అందుకే మీకు అంతమన్నది కనబడదు. హైదరాబాద్‌లో 1991లో పాలకమండలి పోతే మళ్లీ ఎన్నికలు 2002లో. అక్కడ ఒకటో తరగతిలో చేరిన పిల్లాడు ఇంటర్‌కు వచ్చేదాకా నగరం మీ చల్లని నీడలోనే ఉంది. ఆ సవరణ కూడా ఈ మధ్యలోనే వచ్చింది గానీ, మీ యోగనిద్రకు భంగం కలిగించే సాహసం చేయలేదు.

విశాఖ మీద మీ కరుణ ఇంకా చెప్పుకోదగ్గది. 2012లో మండలి గడువు తీరింది. 2021 మార్చిదాకా మీరే దిక్కు. నడుమ 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి ఊళ్లోని చెట్లనూ కరెంటు స్తంభాలనూ నేలకూల్చింది. అప్పుడు వార్డుకో కార్పొరేటర్ ఉండి ఉంటే? మా వీధిలో చెట్టు తీయలేదని ఒకరు, మా పేటకు నీళ్ల ట్యాంకర్ రాలేదని మరొకరు మీ ప్రాణం తోడేసేవారు కారూ! అడిగేవాడు లేని ప్రశాంతతలో సహాయక చర్యలు సాగించే భాగ్యం ఎంతమంది పాలకులకు దొరుకుతుంది?

మీ ఏకపాత్రాభినయానికి సురభివారైనా చేతులెత్తి మొక్కాల్సిందే. అజెండా మీదే, చర్చ మీదే, తీర్మానం మీదే. మీ సభలో కుర్చీలు విరగవు, వాకౌట్లుండవు. మీలో మీకు భేదాభిప్రాయం వచ్చి బడ్జెట్ ఆగిన దాఖలా లేదు. పైగా ఇదంతా తీరిక వేళల సేవ. అసలు కొలువు కలెక్టర్‌గానో జాయింట్ కలెక్టర్‌గానో వేరే ఉండనే ఉంది. పల్లెల్లోనైతే ఎంపీడీవో, తహసీల్దారు మొదలు వ్యవసాయాధికారి దాకా మీ రూపాలే. వీధిదీపం వెలగకపోతే తెల్లారేసరికి కార్పొరేటర్ ఇంటి ముందు నిలబడే మోటు అలవాటు మాకుండేది. దాన్ని మాన్పించి, అర్జీ రాయడం, సోమవారం కలెక్టరేట్‌లో వరసలో నిలబడడం నేర్పారు.

మిమ్మల్ని నిలబెట్టే మంత్రాల మహిమ ఎంతని చెప్పను? పక్క గ్రామాల విలీనం, వార్డుల పునర్విభజన, రిజర్వేషన్ల ఖరారు, అభ్యంతరాల స్వీకరణ. ఒకటి పలకడం పూర్తయ్యేసరికి ఇంకొకటి అందుకుంటారు. ఎక్కడైనా గొంతు తడబడితే కోర్టు కేసు ఆదుకుంటుంది. 2021 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అంతటా పురపోరు సాగినా శ్రీకాకుళం, రాజమహేంద్రవరం ఆ సందడికి దూరంగా మీ సన్నిధిలోనే ఉండిపోయాయి. శ్రీకాకుళానికైతే ఆనాటికే దశాబ్దం దాటిన సేవ. ఎన్నికలు గడువులోగా జరపాల్సిందేనని 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పిన మాట గౌరవంగా విని, గౌరవంగానే పక్కన పెట్టగలగడం మీ వినయానికి నిదర్శనం.

మీ వైరాగ్యం మరీ గొప్పది. ఎన్నికైన మండలి లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. ఆగనివ్వండి అన్నారు. తెలంగాణ పంచాయతీలు 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా మీ ఒడిలో ఉన్నప్పుడు, చెత్త ట్రాక్టర్‌కు డీజిల్ పోయించడానికి పంచాయతీ కార్యదర్శులు సొంత జేబులు తడుముకున్నారు. డబ్బు మీద ఇంత నిర్లిప్తత మునులకైనా సాధ్యమా!

మిమ్మల్ని ప్రతిష్ఠించిన భక్తుల విషయంలోనూ మీకు పక్షపాతం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2010 నుంచి 2014 దాకా పట్టణాలను మీకు అప్పగించింది ఒక పార్టీ. ఆంధ్రలో 2018లో పంచాయతీలను అప్పగించింది మరో పార్టీ. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు స్థానిక ఎన్నికలేవీ అని గొంతు చించుకున్నవారే, గద్దెనెక్కగానే మీ భజనలో చేరిపోతారు. ఓడిపోయే భయం అన్ని జెండాలనూ ఇలా ఒకే గుడికి చేర్చడం మామూలు లీలా?

ఫలశ్రుతి: ఈ స్తోత్రాన్ని ఎమ్మెల్యే పఠిస్తే నియోజకవర్గంలో పోటీ నాయకుడు పుట్టడు. మంత్రి పఠిస్తే పట్టణం నిధులు చెప్పినచోటికి కదులుతాయి. కాంట్రాక్టర్ పఠిస్తే లెక్క అడిగే నోళ్లు మూతపడతాయి. మామూలు ఓటరు పఠిస్తే, ఏడాది ఆస్తి పన్ను ఏప్రిల్‌లోనే కట్టినందుకు అయిదు శాతం రాయితీ దొరుకుతుంది. పన్ను గడువు మాత్రం ఏ ప్రత్యేకాధికారి హయాంలోనూ తప్పదు.