లక్ష ఆకుల ఫోను

కొత్త ఫోను కొనాలా వద్దా అని యూట్యూబులో అడిగి చూడండి. కొనమనే అంటారు. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో, ర్యామ్ ఎన్ని జీబీలో పూసగుచ్చినట్టు చెబుతారు. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో అది ఎన్ని తునికాకులకు (బీడీలు చుట్టే ఆకులకు) వస్తుందో మాత్రం చెప్పరు. ఆ లెక్క నేను చెబుతాను.

50 ఆకులు ఒక కట్ట. 1,000 కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. 2024లో ఛత్తీస్‌గఢ్ సర్కారు బ్యాగుకు కట్టిన ధర 5,500 రూపాయలు. అంటే ఆకుకు 11 పైసలు. 11,000 రూపాయల ఫోనుకు సరిగ్గా లక్ష ఆకులు! ఎండలు మండే రోజుల్లో తెల్లారకముందే అడవికి పోయి, చిరుగు లేనివి చూసి కోసి, ఇంటికి తెచ్చి కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లంలో అప్పజెప్పాలి. ఇంతా చేసి కొన్నాక ఊళ్లో తెర మీద కనబడేది: నో సర్వీస్.

చేతిలో ఫోను పడితే చాలు విప్లవమే అనుకున్నవాళ్లు సామాన్యులు కారు. 2018లో ఛత్తీస్‌గఢ్‌లోని రమణ్ సింగ్ ప్రభుత్వం ‘సంచార్ క్రాంతి’ పేరుతో ఆడవాళ్లకూ కాలేజీ పిల్లలకూ సుమారు 50 లక్షల స్మార్ట్‌ఫోన్లు ఊరికే పంచుతానంది. రాయ్‌పూర్‌కు కంగనా రనౌత్‌ను పిలిపించి మరీ మొదలుపెట్టింది. మరి టవర్లో? పంచాయతీలకు వచ్చిన 14వ ఆర్థిక సంఘం సొమ్మును వాటికి మళ్లించబోయి, గొడవయ్యాక వెనక్కి తగ్గింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఆ ఏడాది ఎన్నికల్లో ఆయన పార్టీకి 90 సీట్లకు దక్కినవి 15. బీజాపూర్‌లో మంత్రి మహేశ్ గాగ్డాయే ఓడిపోయారు. ఓటు మిషనుకు సిగ్నల్ అక్కర్లేదు కదా.

ఫోను కావాలా అని అడిగే రోజులు పోయి, ఫోను లేకపోతే నువ్వెవరని అడిగే రోజులొచ్చాయి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల హాజరు యాప్‌కెక్కింది. రోజుకు రెండు ఫొటోలు. మట్టి తవ్వారని చెరువు గట్టు సాక్ష్యం చెప్పినా చెల్లదు, పని దగ్గర హాజరు వేసే మేట్ ఫోను చెప్పాలి.

ఇక సంతకొచ్చే ముసలాయన జేబులోని కీప్యాడ్ ఫోను సంగతి. ఒకసారి ఛార్జి చేస్తే రోజుల తరబడి ఉంటుంది. రాత్రి దారిలో పాముందేమో టార్చి వేసి చూసుకోవచ్చు. మెమరీ కార్డులో పాటలుంటాయి. కాస్త సిగ్నల్ దొరికిన చోట తెలంగాణ వైపు వాజేడు, వెంకటాపురం చుట్టాలతో మాట్లాడిస్తుంది. దీన్ని పాతదంటారు!

స్మార్ట్‌ఫోను మీద నాకేం కోపం లేదు. టవరున్న చోట చదువుకునే పిల్లకు అది కావాల్సిందే. టవరు లేని ఊరికి ఫోను అమ్మేవాడి మీదే, ఆ ఊరిని యాప్‌లో ఎక్కమనే ఆఫీసు మీదే నా కోపం. కాబట్టి కొనే ముందు షాపులో కెమెరా చూడకండి. ఎవరిదైనా ఫోను అడిగి తీసుకుని మీ వాకిట్లో నిలబడి ఎన్ని గీతలున్నాయో చూడండి. ఒక్కటీ లేకపోతే ఆ లక్ష ఆకుల డబ్బు ఇంట్లోనే ఉంచుకోండి.