ముప్పై అడుగుల భక్తి

భీమవరం పార్కులో అల్లూరి సీతారామరాజును చూడాలంటే మెడ బాగా వెనక్కి వాల్చాలి. కంచు విగ్రహం, ఎత్తు 30 అడుగులు. 2022 జులై 4న, 125వ జయంతి పేరిట, సాక్షాత్తు ప్రధానమంత్రే ఆవిష్కరించారు. అంతెత్తున నిలబెట్టడంలో మనవాళ్ల ముందుచూపు ఉంది. కింద మైకులో ఎవరేం మాట్లాడినా పైకి వినపడదు.

బతికుండగా ఆయన తలకు తెల్లదొరలు కట్టిన వెల పదివేలు. ఇప్పుడు జయంతి రోజున గజమాలకూ, దాన్ని పైకెత్తే క్రేన్ బాడుగకూ ఆ పదివేలు ఏ మూలకూ రావు. ఫ్లెక్సీల ఖర్చు వేరే. వాటిలో రాజుగారు మూలన తపాలా బిళ్లంత ఉంటారు, దండ వేసే నాయకుడు నిలువెత్తున ఉంటాడు. జయంతి ఎవరిదో తెలియాలంటే కింద తేదీ చదువుకోవాలి.

ఆయన దేనికి పోరాడాడంటే, వక్తలంతా స్వాతంత్ర్యం కోసమని చెప్పి వేదిక దిగిపోతారు. అక్కడితో ఆగితే ఎవరికీ ఇబ్బంది లేదు. ఇంకాస్త లోపలికి వెళితేనే మన్యం తగులుతుంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు కొట్టుకోనివ్వలేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి దాకా రోడ్డు పని గిరిజనుల చేత చేయించి, కూలి దగ్గర మొండిచెయ్యి చూపాడు. ఆ మంటే 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరసగా మూడు రోజుల్లో తాకింది.

వందేళ్లలో మనం చాలా ముందుకెళ్లాం. అప్పట్లో రోడ్డు వేయించి కూలి ఎగ్గొట్టారు. ఇప్పుడు రోడ్డే ఎగ్గొట్టారు కనక కూలి బాకీ అన్న మాటే లేదు. పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ జిల్లాకు ఆయన పేరూ పెట్టుకున్నాం. కొండమీది గూడెం నుంచి నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తున్నా, ఆ మోత అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే సాగుతోందని గర్వంగా చెప్పుకోవచ్చు. రోడ్డేదని అడిగితే అటవీ అనుమతి రావాలంటారు. చట్టం మారింది, అడ్డం మారలేదు.

రాజుగారు ఫలానా రోజు వస్తున్నానని మిరపకాయ టపా పంపి మరీ ఠాణా మీద పడేవారనీ, తుపాకులు పట్టుకున్నాక రికార్డులో సంతకం చేసి మరీ వెళ్లేవారనీ జనం చెప్పుకుంటారు. తేదీ చెప్పడం, చెప్పిన రోజున పని చేయడం, చేసిన పనికి సంతకం పెట్టడం! ఈ మూడూ ఒకే మనిషి చేయగా మన ఆఫీసుల్లో ఎవరూ చూసి ఉండరు. అలాంటివాణ్ని కంచులో పోతపోసి, నిలబెట్టిన చోటు నుంచి కదలకుండా చేసింది అందుకే కాబోలు.