ఫ్యాన్లు వేరు, ఫ్యాన్స్ వేరు

నడి వేసవిలో మా పడగ్గది ఫ్యాను ఆగిపోయింది. కృష్ణానగర్ ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను.

“ఇప్పుడు రాలేను సార్. జూబ్లీహిల్స్‌లో ఫ్యాన్స్‌తో ఉన్నా.”

పెద్దింటి పని తగిలిందనుకున్నాను. “ఎన్ని ఉన్నాయేంటి?”

“లెక్కేముంది సార్, రోడ్డంతా ఫ్యాన్సే!”

“అన్నీ ఒకేసారి ఆగిపోయాయా?”

“ఆగితేగా సార్! పోలీసులు ఆపినా ఆగట్లేదు.”

అప్పుడు వెలిగింది నాకు. ఆ రోజు అతగాడి హీరో పుట్టినరోజు. తప్పు నాదే. తెలుగువాడు ఈ వ్యాకరణం ఏనాడో తేల్చేశాడు: గాలి ఇచ్చేవి ఫ్యాన్లు, ఈలలు వేసేవాళ్ళు ఫ్యాన్స్. ఒక్కడే వచ్చినా “నేను ఆయన ఫ్యాన్స్ అండీ” అంటాడు. వెనకాల వందమంది ఉన్నారన్న ధైర్యం కాబోలు.

ఉక్కకి నిద్ర ఎలాగూ పట్టదని నిఘంటువు తెరిచాను. మనుషుల్లోని ఫ్యాన్ ‘ఫెనాటిక్’కి పొట్టి రూపమట. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా బేస్‌బాల్ మైదానాల్లో వాడుకకెక్కింది. ఆ ఫెనాటిక్‌కి మూలం లాటిన్ ‘ఫానుమ్’, అంటే గుడి. గుడిలో దేవుడు ఆవహించినవాడు, మన భాషలో పూనకం వచ్చినవాడు అన్నమాట. అదే గుడి నుంచి ‘ప్రొఫేన్’ కూడా పుట్టింది. దాని మొదటి అర్థం గుడి బయటిది, లోపలికి రానివ్వనిది.

ఈ సంగతి మనకి లాటిన్ రాకముందే తెలుసు. ఒకప్పుడు తిరుపతి యాత్రికుల బస్సులు కొండ దిగి మద్రాసు దాకా పోయి, టి.నగర్‌లో ఎన్టీఆర్ ఇంటి ముందు ఆగేవి. ఒకే ప్రయాణంలో ఇద్దరు దేవుళ్ళు. 1976లో అక్కినేని బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలెట్టారు. పరిశ్రమ మెల్లగా హైదరాబాదు చేరింది, యాత్ర దారి కూడా మారింది. ఫిల్మ్‌నగర్‌లో దైవ సన్నిధానమని అసలు గుడే ఉంది. అక్కడ దర్శనానికి పుట్టినరోజు దాకా ఆగక్కర్లేదు. అయినా పాలు కటౌట్లకే పోతాయి.

మన ‘అభిమాని’ మాటది మరో తిరకాసు. అభిమానమంటే ప్రేమే కాదు, పౌరుషం కూడా. అభిమానం గలవాడు పిలవని పేరంటానికి వెళ్ళడు. అభిమాని మాత్రం పిలవని పుట్టినరోజుకి రాత్రి బస్సెక్కి మరీ వస్తాడు.

సాయంత్రం ఇక తట్టుకోలేక, మావాణ్ణి వెంటబెట్టుకొద్దామని నేనే జూబ్లీహిల్స్ వెళ్ళాను. గేటు ముందు ఎండకి వాడిపోయి ఉన్నాడు. పొద్దుటినుంచి తిండి లేదట. పూనకాన్ని బట్టి ఫ్యాను, నిలబడ్డ చోటుని బట్టి ప్రొఫేను. ఆరింటికి బాల్కనీలోకి ఒక చెయ్యి వచ్చి, రెండుసార్లు ఊగి, లోపలికెళ్ళిపోయింది.

“అన్న నన్ను చూసే ఊపాడు సార్!”

మా ఇంట్లో స్టూలెక్కి ఫ్యాను విప్పుతున్నప్పుడూ అదే మాట. అన్నట్టు, గాలి ఫ్యాను పుట్టుక వేరు. దాని తాత లాటిన్ ‘వన్నుస్’, ధాన్యం చెరిగే చేట. ఈ రెండు ఫ్యాన్లకీ ఏ చుట్టరికమూ లేదని నిఘంటువు తీర్పు.

స్టూలు మీద మావాడి మొహం చూశాక ఆ తీర్పు మీద నమ్మకం పోయింది. అచ్చం చేటంత ఉంది.