రూపాయి పనికి రిబ్బనేది?

మన దగ్గర ప్రతి ఖర్చుకూ ఒక వేడుక ఉండాలి. డ్యాము కడితే రిబ్బను, కాలువ తవ్వితే కొబ్బరికాయ, ఎత్తిపోతల మోటారు స్విచ్చి నొక్కితే పూలదండలు. గేటు గొలుసుకు గ్రీజు పూస్తే ఏముంది? చేతికి మసి. అందుకే డ్యాములున్నాయి, గ్రీజు లేదు.

తుంగభద్ర డ్యాము 1953లో పూర్తయింది. ఉన్నది కర్ణాటకలోనే అయినా సీమ పొలాలూ పాలమూరు పొలాలూ దానివైపే చూస్తుంటాయి. 33 గేట్లు, ఒక్కోటీ అరవై అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల ఎత్తు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగింది, గేటు ఏట్లో కలిసింది. పనిచేసినన్నాళ్లూ ఆ గేటు నంబరు ఎవరికీ పట్టలేదు. పోయాక మాత్రం డ్యాము పక్కనున్న హోస్పేటకు కార్లు బారులు తీరాయి. నిండు జలాశయానికి పడిన ఆ ఒక్క సందులోంచి 35 వేల క్యూసెక్కులు, అంటే రోజుకు మూడు టీఎంసీలు వెళ్లిపోయాయి. గొలుసు లింకు ఖరీదెంత, మూడు టీఎంసీల ఖరీదెంత అని రెండూ పక్కపక్కన రాసిన కాగితం ఏ ఫైల్లోనూ దొరకదు.

చివరికి కన్నయ్యనాయుడు గారనే గేట్ల నిపుణుణ్ణి పిలిచారు. హడావిడిగా చేయించిన స్టాప్‌లాగులను, అంటే తాత్కాలిక అడ్డు పలకలను, ఆయన పారే నీళ్లలోనే దింపించి వారంలో సందు మూయించారు. తర్వాతి నెల ప్రకాశం బ్యారేజీ గేట్లను పడవలు గుద్దితే మళ్లీ ఆయన్నే పిలిచారు. తెలుగునాట ఆస్తుల నిర్వహణ విధానమంటే ఆ పెద్దాయన ఫోను నంబరే. ఆ తర్వాత నిపుణులు తుంగభద్ర గేట్లు 33కు 33 మార్చాల్సిందేనని తేల్చారు. ఇప్పుడు అది రిబ్బనున్న పని.

అంతకుముందే పాఠం నేర్చుకోలేదా అంటే, దానికి గుండ్లకమ్మ ప్రాజెక్టు ఉంది. 2022 ఆగస్టులో అక్కడ ఒక గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో ఇంకో గేటు పోయింది.

డిసిట్టర్ అనే పరిశోధకుడు 1984లో కాంక్రీటు కట్టడాల గురించి ‘ఐదుల సూత్రం’ చెప్పాడు. కట్టేటప్పుడు రూపాయితో అయ్యే పనిని వదిలేస్తే నిర్వహణలో ఐదు, అదీ వదిలేస్తే మరమ్మతుకు పాతిక, ఇంకా వదిలేస్తే నూట పాతిక. పాశ్చాత్యులు దీన్ని హెచ్చరికగా చదువుకున్నారు. మనవాళ్లు ధరల పట్టికగా చదువుకున్నారు. రూపాయి పని కోసం కాంట్రాక్టరు గుమ్మం తొక్కడు, నూట పాతిక పనికైతే క్యూ కడతాడు.

పాపం ఇంజినీర్లకు తెలియక కాదు. ఏఈ ఏటా ఎస్టిమేటు రాస్తూనే ఉంటాడు: వైరు రోపులు, రబ్బరు సీళ్లు, గ్రీజు, రంగు. డీఈ సంతకం అవుతుంది, ఈఈ సంతకం అవుతుంది. పైన ఒక కొర్రీ పడుతుంది: ‘గత సంవత్సరం గేటు పనిచేసినది కదా, ఈ సంవత్సరం ఏల పనిచేయదు?’ జవాబు తయారయ్యేసరికి మార్చి 31 వచ్చేస్తుంది, నిధులు మురిగిపోతాయి. ఈలోగా ఆ గేట్లతోనే ముసలివాడైన లస్కరు రిటైరవుతాడు. చప్పుడు విని బేరింగు ఎండిందని చెప్పే చెవి అతనితోపాటే ఇంటికెళ్లిపోతుంది. ఆస్తుల రిజిస్టరులో ఆ చెవి లేదు గనక పోయినట్టు ఎక్కడా నమోదు కాదు, పోస్టూ నిండదు.

కొనే దగ్గర మన జాగ్రత్త చూడాలి. నూరు కిలోవాట్లు లాగే మోటారు ఏడాదికి నాలుగు వేల గంటలు తిరిగిందనుకుందాం. నాలుగు లక్షల యూనిట్లు. యూనిట్టు ఏడు రూపాయలు వేసుకుంటే 28 లక్షలు. మోటారు సామర్థ్యంలో మూడు శాతం తేడా ఉంటే ఏటా దాదాపు 84 వేలు, ఇరవై ఏళ్లకు 17 లక్షలు. అయినా లక్ష తక్కువకు కోట్ చేసినవాడే ఎల్-1. ఎల్-1ని కాదంటే విజిలెన్సు, ఔనంటే కరెంటు బిల్లు. విజిలెన్సు కొన్నవాడి మీదకొస్తుంది, బిల్లు వేరే పద్దులోకి వెళుతుంది. పైగా అది కట్టేదా పాడా, డిస్కంకు బకాయి. కొనుగోలు ఫైలూ బిల్లు ఫైలూ ఎప్పుడూ ఒకే బల్ల మీద కలవవు. వస్తువు కొన్ననాటి నుంచి తుక్కు కింద అమ్మేదాకా అయ్యే ఖర్చంతా ఒకే లెక్కలో చూడండని ఐఎస్‌ఓ 55000 ప్రమాణం 2014 నుంచీ మొత్తుకుంటోంది. తుక్కంటే గుర్తొచ్చింది, మన ఆఫీసుల ఆవరణలో వేపచెట్టు కింద టైర్లు లేని జీపు కండెమ్ కావడానికి పట్టే కాలం జీపు నడిచిన కాలం కంటే ఎక్కువ.

డ్యాముల భద్రత చట్టం 2021లో వచ్చింది. వానలకు ముందోసారి, తర్వాతోసారి తనిఖీ చేయాలంటుంది. చట్టం మంచిదే, రిబ్బనే లేదు.

కాబట్టి ప్రభువులకు నాదో మనవి. గ్రీజుకే ప్రారంభోత్సవం పెట్టండి. స్పిల్‌వే మీద శామియానా వేయించండి. మంత్రిగారు వెండి గిన్నెలో వేలు ముంచి గొలుసుకు తొలి బొట్టు పెడతారు. జలహారతి ఎలాగూ ఉంది, పక్కనే గొలుసు హారతి. రబ్బరు సీలుకు శంకుస్థాపన. ‘గ్రీజు భగీరథ’ అని ఫ్లెక్సీలు. ప్రతిపక్షం ఊరుకోదు, ‘ఆ డబ్బా మా హయాంలోనే కొన్నాం’ అంటుంది. అననివ్వండి, రెండు పార్టీలూ గ్రీజు కోసం కొట్టుకుంటే గొలుసుకు రెండు పూతలు పడతాయి.

ఈ మనవి ఫైలెక్కితే ఏమవుతుందో కూడా చెప్పగలను. శామియానా, హెలిప్యాడు, పాలరాతి శిలాఫలకం మూడూ సాయంత్రానికల్లా మంజూరు. గ్రీజు దగ్గర మాత్రం కొర్రీ: ‘గత సంవత్సరపు డబ్బాలో మిగిలిన గ్రీజునకు లెక్క చూపగలరు.’